మిరపచేనికి ఆపిన తడి

రాళ్ళవాగుపాలెం నీళ్ళ సంఘానికి శేషారత్నాన్ని ప్రెసిడెంటుగా ఎన్నుకున్నది ఆమె మీద గౌరవం పొంగిపొర్లి కాదు. ఆమె చేలో తడుపుకోవడానికి పైరంటూ లేదు కాబట్టి.

సంగతేమిటంటే, ఈపూరుకు దగ్గర్లోని ఆ ఊళ్ళో వాగు గట్టున ప్రభుత్వం మూడు బోర్లు వేయించి రైతులకు అప్పజెప్పింది. రైతులు సంఘం పెట్టుకుని ఎవరి చేనికి ఏ రోజు నీళ్ళో వంతులు వేసుకున్నారు. మోటార్ల ఫ్యూజులు ప్రెసిడెంటు ఇంట్లో ఉంటాయి. వంతు వచ్చిన రైతు పొద్దున్నే వచ్చి ఫ్యూజు తీసుకెళ్ళాలి, చేను తడిశాక తెచ్చి ఇచ్చేయాలి. అంచేత ఫ్యూజులు ఎవరింట్లో ఉంటే ఊళ్ళో మీసాలన్నీ ఆ గుమ్మం ముందు కాస్త కిందికి వాలేవి. ఏళ్ళ తరబడి ఆ గుమ్మం ధనుంజయరావుది. ఎనభై ఏడులో వరసగా రెండో ఏడు కూడా వానలు మొహం చాటేశాక, ఆయన తన వాళ్ళకే నీళ్ళిచ్చుకుంటున్నాడని పుల్లారావు వర్గం గొడవకు దిగింది. కర్రలు కూడా బయటికొచ్చాయి. పల్నాడులో బయటికొచ్చిన కర్ర మళ్ళీ లోపలికి పోవాలంటే ఎవరో ఒకరు ఇద్దరి పరువూ నిలబడే మాట చెప్పాలి. ఆ మాట పుల్లారావే చెప్పాడు.

"పైరున్నోడి చేతిలో ఫ్యూజులు పెడితే ముందు వాడి చేనే తడుపుకుంటాడు. పైరు లేనోళ్ళకిద్దాం. శేషారత్నమ్మకిద్దాం."

శేషారత్నానికి వరసకు మామ అయ్యే ధనుంజయరావు ఒక్క క్షణం ఆలోచించి నవ్వేశాడు. "మన కోడలేగా, కానియ్యండి" అన్నాడు. ఆడమనిషి, నాలుగు కంది మొక్కలు తప్ప వేసేది లేదు, కూర్చోమన్న చోట కూర్చుంటుంది, సంతకం పెట్టమన్న చోట పెడుతుంది అని ఆయన లెక్క. ఆమె చేలో పైరు ఎందుకు లేదో ఆ మహానుభావుడికి గుర్తే రాలేదు.

ఆమెకు మాత్రం గుర్తుంది. ఆ మూడెకరాలూ పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఆమెకిచ్చినవి. ఆమె, భర్త గోపాలకృష్ణయ్య కలిసి అందులో బత్తాయి తోట వేశారు. సొంత బావి ఉంది. చెట్లు మొదటి కాపుకొచ్చిన ఏడు ధనుంజయరావు ఆ తోట కంచె పక్కనే సొంతానికి లోతు బోరు వేయించాడు. నీళ్ళున్న బావికి అంత దగ్గర్లో బోరు వేయకూడదని సంఘంలో కట్టుబాటు ఉంది. ఉంటే ఏం? ప్రెసిడెంటు ఆయనే. అది పాడుబడ్డ బావి అని మీటింగులో తీర్మానం చేయించాడు. గోపాలకృష్ణయ్య లేచి, "అదేంది బాబాయ్, రోజూ అందులోనే తోడుకుంటన్నా గదా" అన్నాడు. పక్కనున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారే తప్ప ఒక్కడూ నోరు మెదపలేదు.

రెండు ఎండాకాలాలు తిరిగేసరికి బావి అడుగున బురద కూడా మిగల్లేదు. మొగుడూ పెళ్ళాం చేతిపంపు దగ్గర్నుంచి బిందెలతో మోశారు. బిందెలతో తోట బతుకుతుందా? కాయలు గోలీలంత ఉన్నప్పుడే రాలిపోయాయి. చివరికి ఇటికల బట్టీవాళ్ళు వచ్చి చెట్లు నరుక్కుపోయారు. ఆ ట్రాక్టరు ఊరి మధ్యనుంచి వెళుతుంటే శేషారత్నం ధనుంజయరావు ఇంటి ముందు నిలబడి రెండు చేతులా దుమ్మెత్తి పోసింది. ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూనే ఉన్నాడు. కనీసం లోపలికి కూడా పోలేదు.

ఆ తరవాత గోపాలకృష్ణయ్య నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో పనికి కుదిరాడు. ఆదివారం ఆదివారం బస్సులో వచ్చి పోతుంటాడు. మెత్తని మనిషి. ఆయన కోపం ఆ ట్రాక్టరుతోనే వెళ్ళిపోయింది. ఈమెది పోలేదు. అన్నం వండుతున్నా, గేదెకు గడ్డి వేస్తున్నా, ఆ చుట్ట పొగే ఆమె కళ్ళ ముందు ఆడేది. ఎప్పటికైనా ఆ మనిషి చేను ఎండుతుంటే గట్టు మీద నిలబడి చూడాలి. అంతకు మించి ఆమెకు ఇంకో కోరిక మిగల్లేదు.

ఇప్పుడు ఫ్యూజులు ఆమె ఇంటికొచ్చాయి. వంటింటి గూట్లో పెట్టి తాళం వేసుకుంది.

ఆ శ్రావణంలోనే భూగర్భజల శాఖ ఆఫీసరు కరీముల్లా నరసరావుపేట నుంచి వచ్చాడు. నెమ్మదైన మనిషి, కళ్ళజోడు, చేతిలో టేపు చుట్ట. బోర్లలోకి టేపు వదిలి కొలిచి, బడి వరండాలో అందర్నీ కూర్చోబెట్టాడు.

"నీళ్ళు బాగా దిగిపోయాయి. మీ పొలాలకు గట్లున్నాయి గానీ కింద నీళ్ళకు గట్లు లేవు. ఒకరు ఎక్కువ తోడితే పక్కవాళ్ళకు లేకుండా పోతుంది. ఈ ఏడు వరి వేయొద్దు. సొంత బోర్లు కూడా ఆపేయండి. ఉన్న నీళ్ళతో వంతు ప్రకారం మిరపా పత్తీ దక్కించుకోండి" అన్నాడు.

అందరూ తలలూపారు. ఎవరైనా వరి నాటినా, సొంత బోరు నడిపినా, ఆ రైతు భూమి మొత్తానికీ సంఘం వంతు ఆపాలని తీర్మానం రాసుకున్నారు. మొదటి సంతకం ధనుంజయరావే పెట్టాడు. తన బోరు ఫ్యూజు తనే తెచ్చి శేషారత్నం చేతిలో పెడుతూ, "జాగర్త కోడలా, షాక్ కొడతది" అని చుట్టూ ఉన్నవాళ్ళను నవ్వించాడు.

ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వులో ఏముందో ఎవరూ చూడలేదు.

ఆయన్ని పట్టించింది కొంగలు. ఆశ్వయుజం చివర్లో ఒక పొద్దున శేషారత్నం గడ్డికి పోతూ చూస్తే, ధనుంజయరావు కందిచేను నడిమధ్యన తెల్లగా కొంగల గుంపు దిగి ఉంది. ఊరంతా నెర్రెలిచ్చి ఉంటే కొంగలకు కందిచేలో ఏం పని? ఆమె కంది మొక్కల్ని తోసుకుంటూ లోపలికి పోయింది. మధ్యలో అరెకరం చెక్క. నిలువెత్తు కంది చాటున పచ్చని వరి, పాదం మునిగే నీళ్ళు. ఫ్యూజు ఆమె ఇంట్లోనే ఉంది మరి! మోటారు దగ్గరికి పోయి చూస్తే ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ మెలిపెట్టి ఉంది.

ఆమె అక్కడే గట్టు మీద కూలబడింది. కోపంతో కాదు, సంతోషంతో. ఇన్నేళ్ళకు దొరికాడు! లేచి పరుగున పోయి పుల్లారావునూ మరో నలుగురినీ తీసుకొచ్చి చూపించింది.

సాయంత్రం బడి వరండాలో మీటింగు పెట్టారు. "ఇంటి తిండి కోసం చారెడు వేసుకున్నా. దీనికింత రాద్ధాంతమా?" అన్నాడు ధనుంజయరావు.

"మామయ్యా, తీర్మానం మీద మొదటి సంతకం నీదే" అంది శేషారత్నం. "నీ భూమి మొత్తానికీ సంఘం వంతు ఆపేస్తన్నాం. రోడ్డు పక్క మిరపచేనుతో సహా."

ఆ మాటకు వరండా అంతా కలకలం రేగింది. రోడ్డు పక్క ఐదెకరాల మిరప ఊళ్ళోకెల్లా మంచి పైరు. నిండుగా పూత మీదుంది. ఇప్పుడు తడి ఆగితే పూత నిలవదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

ఆయన మండిపడతాడనీ, కాళ్ళబేరానికొస్తాడనీ ఆమె ఎదురుచూసింది. ఆయన లేచి కండువా దులుపుకున్నాడు. "నీ ఇష్టం కోడలా" అని నిమ్మకు నీరెత్తినట్టు నడిచి వెళ్ళిపోయాడు. ఆమెకు అదేదో తేడాగా తోచింది. కానీ ఒళ్ళంతా ఆనందం నిండి ఉంటే బుర్రకు చోటెక్కడ?

అప్పటినుంచీ ఆమె రోజూ ఆ గట్టు మీదికి పోయింది. దాచిపెట్టడం ఎందుకు, పేరంటానికి పోయినట్టు పోయింది. ముందు మధ్యాహ్నం పూట ఆకులు వాలాయి, సాయంత్రానికి లేచాయి. తరవాత సాయంత్రం కూడా లేవలేదు. తెల్లని పూత సాళ్ళలో రాలి పడింది. ఆమె ఒంగి ఒక పువ్వు ఏరి చేతిలో నలుపుకుంది. చాలా హాయిగా ఉందామెకు. ఏళ్ళ తరబడి ఆకలితో ఉన్నవాళ్ళకు విస్తరి వేసినట్టే ఉంది.

ఒక పొద్దున యల్లమంద ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. పక్క ఊరివాడు, ధనుంజయరావు దగ్గర చాలా ఏళ్ళుగా పాలేరు. తుండుగుడ్డ చంకలో పెట్టుకుని, నేల చూపులు చూస్తూ, "అమ్మగారూ, మిరపచేనికి ఒక్క తడి ఇప్పించండి. కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు.

"నీకెందుకురా ఇంత పీకులాట? మీ అయ్యగారికి నోరు పడిపోయిందా? ఆయన్నే వచ్చి ఆ కాళ్ళేవో పట్టుకోమను."

యల్లమంద ఏదో అనబోయాడు, మింగేశాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆమె ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తింది.

అసలు సంగతి తెలిసింది తిరపతమ్మ వల్ల. తిరపతమ్మ యల్లమంద పెళ్ళాం. ఎండ నెత్తి మీదికి వచ్చిన వేళ శేషారత్నం గట్టు మీదికి పోయేసరికి ఆ మనిషి చంకలో ఒక బిందె, నెత్తిన ఒక బిందెతో చేలోకి దిగుతోంది. చేతిపంపు అక్కడికి ఎంత దూరమో శేషారత్నానికి తెలుసు. తిరపతమ్మ బిందె దించి, చెంబుతో ఒక్కో మొక్క మొదట్లో నీళ్ళు పోస్తూ పోతోంది. చెంబుడు నీళ్ళు నాలుగు మొక్కలకు పంచుతోంది.

"ఏమే తిరపతమ్మా, ఆయన పైరుకు నువ్వు బిందెలు మోసేదేంది? అంత దండిగా ఇస్తన్నాడా కూలి?" అని ఎగతాళిగా అడిగింది.

తిరపతమ్మ చెంబు ఆపి తలెత్తింది. మొహమంతా చెమట, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆయన పైరా? ఎవరన్నారమ్మా ఆయన పైరని? మూడేళ్ళ బట్టి కౌలుకు చేస్తన్నాం మేం. నారు మాది, ఎరువు మాది, చాకిరీ మాది. కౌలు ముందే ముక్కుపిండి తీసుకున్నాడు. కౌలని ఎవరికన్నా చెప్తే చేలోంచి లేచిపోమన్నాడు. అడిగితే పాలేరునని చెప్పమన్నాడు. మా ఆయన నీ గుమ్మంలోకి వచ్చి నిలబడితే నువ్వేమన్నావు? ఆయన్ని వచ్చి కాళ్ళు పట్టుకోమన్నావు. ఆయనకేం పట్టింది? ఈ చేను బూడిదైనా ఆయనకు పైసా పోదు. చచ్చేది మేం."

శేషారత్నం ఎదురుగా ఉన్న బిందె వైపు చూసింది. తను మోసిన బిందెలు గుర్తొచ్చి నడుములో పోటు పుట్టినట్టయింది. ఇన్నాళ్ళూ ఆమె కళ్ళారా చూసి ఆనందించింది ఈ ఆడమనిషి పైరు ఎండిపోవడం. ధనుంజయరావు 'నీ ఇష్టం కోడలా' అని అంత చల్లగా ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

తిరిగి వస్తుంటే దారిలో ధనుంజయరావు మోటారుసైకిలు మీద ఎదురొచ్చాడు. ఆమె మొహం చూసి బండి ఆపాడు. ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకున్నాడు.

"ఏం కోడలా, రోజూ పోయి చూసొస్తన్నావంట నా మిరపచేను! బాగా ఎండిందా? ఎండబెట్టుకో. నా కౌలు నాకెప్పుడో ముట్టింది. నువ్వు కాల్చుకు తినేది ఆ యల్లమందగాణ్ణి." చుట్ట నోట్లోంచి తీసి నవ్వాడు. "ఇంకో మాట. నువ్వు పాత పగతో పెత్తనం చేస్తన్నావని ఆఫీసుకు అర్జీ పెట్టా. వచ్చే వారం ఆఫీసరొస్తన్నాడు. ఫ్యూజులు సర్దిపెట్టుకో."

బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆమె పళ్ళు పటపట కొరికింది. అంతకు మించి ఆ క్షణంలో చేయగలిగిందేమీ లేదు.

ఆదివారం గోపాలకృష్ణయ్య వస్తే అంతా చెప్పింది. ఆయన భోజనం ముందు కూర్చుని నిదానంగా విన్నాడు.

"పాపం రత్నం, వాళ్ళకు రేపే తడి ఇచ్చెయ్. ఇంతటితో వదిలెయ్ ఈ పగ."

"ఇస్తే? శిక్ష పడ్డ భూమికి నువ్వే ఎట్టా నీళ్ళిచ్చావని ఆఫీసరు ముందు నన్నే దోషిని చేస్తాడు. ఫ్యూజులు మళ్ళీ ఆయనింటికి పోతయ్. ఇక ఆ చేతిలోంచి ఎప్పుడూ రావు. నీళ్ళిస్తా. కానీ ఆయన నోటితోనే ఆ పైరు యల్లమందదని చెప్పించి ఇస్తా."

"చెప్తాడా? కౌలుదారని సర్కారు మనిషి ముందు ఒప్పుకుంటే, ఇక వాణ్ణి ఊరికే వెళ్ళగొట్టడానికి లేదు. చట్టముంది. ఆయన చచ్చినా చెప్పడు."

శేషారత్నం పెరుగు వడ్డించింది. "దొంగంటే పడతాడు. మోసగాడంటే పడతాడు. ఓడిపోయాడంటే పడడు. ఆడదాని చేతిలో ఓడిపోయాడంటే అసలు పడడు" అంది.

కానీ ఆమె ఈసారి తన పగకు వేరేవాళ్ళ బతుకు పణం పెట్టాలనుకోలేదు. చీకటి పడకముందే యల్లమంద గుడిసెకు పోయింది. ఎప్పుడూ ఎవరి ఇంటికీ పోనిది, పోయి గడప బయట నిలబడింది. "మీ పేరు బయట పెట్టాలనుకుంటన్నా. మీరు వద్దంటే పెట్టను. మాట పైకొచ్చాక ఆయన మీ మీద పడతాడు" అని ఉన్నదున్నట్టు చెప్పింది.

యల్లమంద రెండు చేతులూ జోడించాడు. "వద్దు అమ్మగారూ, మమ్మల్ని బతకనీడు."

"ఇప్పుడు బతుకుతున్నావా?" అంది తిరపతమ్మ మొగుడితో. తరవాత శేషారత్నం వైపు తిరిగింది. "ఈ పంట పోతే ఎట్టాగూ పోతాం. చెప్పించు. నీకు చేతనైతే చెప్పించు."

అనుకున్న రోజున కరీముల్లా వచ్చాడు. బడి వరండాలో సంఘమంతా చేరింది. ధనుంజయరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. యల్లమంద ఎప్పట్లాగే చివర స్తంభం చాటున, తిరపతమ్మ మెట్ల మీద. కరీముల్లా అర్జీ చదివి, తీర్మానం పుస్తకం తెప్పించుకుని చూశాడు.

"ధనుంజయరావుగారూ, వరి వేశారు. ఫ్యూజు అప్పజెప్పి తీగ పెట్టి బోరు నడిపారు. వంతు ఆపాలని రాసుకున్న కట్టుబాటు మీద మీ సంతకమే ఉంది. ఈమె చేసిన తప్పేమిటండీ ఇందులో?"

"పగ సార్. ఎప్పుడో తోట ఎండిందని నా మీద పగబట్టి చేసింది."

"అవునామ్మా?" అని ఆఫీసరు శేషారత్నాన్ని అడిగాడు.

ఆమె లేచి నిలబడింది. కాదంటుందని అందరూ అనుకున్నారు. "ఔను సార్" అంది. "పగే. ఈయన నా తోట ఎండబెట్టాడు. నేను ఈయన మిరపచేను ఎండబెట్టా. కట్టుబాటు ప్రకారమే ఎండబెట్టా గానీ, సంతోషంగా ఎండబెట్టా. అబద్ధం చెప్పను." ఆమె ధనుంజయరావు వైపు తిరిగి నవ్వింది, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వింది. "చూడండి సార్ మామయ్య మొహం! ఎట్టా ఉండేవాడు, ఎట్టా అయిపోయాడు! ఐదెకరాల మిరప కళ్ళముందే మాడిపోతే గుండె పగలదా ఏంది? పోన్లే మామయ్యా, నీ చేను నేను పాడు చేశా, నీ గర్వం నేను దించా, ఇక చెల్లుకు చెల్లు. ఏడవబాక. ఊరంతా చూస్తంది."

పుల్లారావు వర్గంలో ఎవడో కిసుక్కున నవ్వాడు. వెనక ఇంకొకడు అందుకున్నాడు. ఆ నవ్వు వరండా పొడుగునా పాకింది. చివరికి ధనుంజయరావు మనుషులు కూడా కండువా అడ్డం పెట్టుకుని నవ్వారు.

ధనుంజయరావు మొహం కందగడ్డయిపోయింది. ఎగిరి లేచాడు.

"ఎవరే ఏడిచేది? నీ మొహానికి నేను ఏడవాల్నా? నాకు పూచికపుల్ల పోలేదు! ఆ పైరు నాదనుకుంటన్నావా పిచ్చిదానా? మూడేళ్ళ బట్టి ఆ చేను యల్లమందకు కౌలుకిచ్చా! కౌలు ముందే తీసుకున్నా! నువ్వు మాడ్చింది వాడి కడుపు, నాది గాదు! నన్ను గెలిచేదానివా నువ్వు?"

చేయి చాపి స్తంభం చాటునున్న యల్లమందను చూపించాడు. ఊళ్ళోవాళ్ళంతా అటు తిరిగి చూశారు. ఆయన ఇంకా రొప్పుతూనే ఉన్నాడు, గెలిచినట్టే చుట్టూ చూస్తున్నాడు. ఎవరూ నవ్వడం లేదు.

శేషారత్నం నవ్వు ఆపేసింది. "విన్నారుగా సార్" అంది.

కరీముల్లా కళ్ళజోడు సర్దుకున్నాడు. "మూడేళ్ళుగా కౌలు అన్నారు. ఏం యల్లమందా, నిజమేనా? పైరు ఎవరిది?"

యల్లమంద స్తంభం పట్టుకునే ఇవతలికి వచ్చాడు. ధనుంజయరావు వైపు చూశాడు. ఆయన కళ్ళలో నిప్పులు చూసి ఒక అడుగు వెనక్కి కూడా వేశాడు. మెట్ల మీంచి తిరపతమ్మ గట్టిగా దగ్గింది.

"నాదేనండీ" అన్నాడు. అందరికీ వినపడేట్టు మళ్ళీ అన్నాడు. "పైరు నాదేనండీ. మూడేళ్ళ బట్టి నేనే చేస్తన్నా."

"అయితే తప్పు భూమి గలాయనది. శిక్ష పడింది కౌలు రైతుకు. ఇది సరిచేయాలి. ఇక నుంచి ఆ చేనికి వంతు యల్లమంద పేరున ఇవ్వండి. సాగు చేసేది యల్లమంద అని రాయండి, నేను సంతకం పెడతాను. మండలాఫీసుకు కూడా ఒక నకలు పంపుతాను."

అప్పుడు తెలిసొచ్చింది ధనుంజయరావుకు. "అది కాదు సార్... మాటవరసకన్నా... కోపంలో..." అని నసిగాడు. అటు పుల్లారావును చూశాడు, ఇటు తన మనుషుల్ని చూశాడు. ఒక్కడు కూడా ఆయనకు మాట సాయం రాలేదు. శేషారత్నం ఆయన్నే చూస్తూ నిలబడింది. ఆ మొహంలో రంగు దిగిపోవడాన్ని కళ్ళ నిండా చూసుకుంది. ఏళ్ళుగా ఆమె అడిగింది ఇదే. ఒక్క చుక్క వదలకుండా తాగింది.

మర్నాడు యల్లమంద ఆమె ఇంటికొచ్చి ఫ్యూజు తీసుకున్నాడు. కరెంటు రాగానే మోటారు మోగింది. నీళ్ళు బోదె వెంట చేలోకి పరుగెత్తాయి. శేషారత్నం గట్టు మీద నిలబడి ఉండగానే ధనుంజయరావు మోటారుసైకిలు వచ్చి ఆగింది. తిన్నగా చేలోకి దిగి యల్లమంద ముందుకు పోయాడు.

"ఒరేయ్, ఈ కాపు అవగానే చేను ఖాళీ చెయ్. లేకపోతే నీ అంతు చూస్తా."

యల్లమంద పార భుజాన్నుంచి దించలేదు, తుండు చంకలో పెట్టుకోలేదు. "అట్టా కుదరదంట అయ్యగారూ. కోర్టులో అడగమన్నారు ఆఫీసరుగారు" అన్నాడు. "పక్కకి జరగండి. నీళ్ళొస్తన్నయ్."

జరిగేలోపే నీళ్ళు వచ్చాయి. ధనుంజయరావు చెప్పు బురదలో దిగబడింది. కాలు లాగితే చెప్పు రాలేదు. ఒంటి చెప్పుతో కుంటుకుంటూ గట్టెక్కి, ఎదురుగా ఉన్న శేషారత్నాన్ని చూసి మొహం తిప్పుకుని బండెక్కి పోయాడు. ఆమె పగలబడి నవ్వింది. తోట పోయిన తరవాత ఆమె అంత నవ్వు నవ్వడం అదే మొదలు.

ఆ నవ్వు మొహంతోనే చేలోకి దిగింది. తిరపతమ్మ పై చెక్కలో ఒంగి ఉంది. "చూశావా తిరపతమ్మా ఆయన మొహం?" అని అడిగింది. రెండు చల్లని మాటలు వినాలని ఆమెకు ఆశగానే ఉంది. ఎందుకుండదు? అంత చేసింది మరి.

తిరపతమ్మ నడుమెత్తలేదు. పై చెక్క మొత్తం కట్టెలైపోయింది. నీళ్ళు వాటి మొదళ్ళు తడుపుతూనే ఉన్నాయి గానీ అవి ఇక లేచేవి కావు. కిందివైపు చేను కొంత దక్కుతుంది. ఇది దక్కదు. తిరపతమ్మ ఎండిన మొక్కలు పీకి గట్టు మీద పడేస్తోంది, ఆ చోట ఏ కొత్తిమీరో చల్లుకోవడానికి.

"ఆయన మొహం చూసే తీరిక నాకేడిది? నువ్వు చూసుకో. నీకు అదే కావాల" అంది. ఒక మొక్క పీకి శేషారత్నం కాళ్ళ ముందు పడేసింది. "ఇయ్యి ఆయన ఎండబెట్టినయ్ గాదు. నువ్వు ఎండబెట్టినయ్. రోజూ వచ్చి చూశావు గూడా."

శేషారత్నం నవ్వు ఆరిపోయింది. నాకు తెలియదు గదా అనబోయింది. మొన్న వాకిట్లో ఏదో చెప్పబోయి మింగేసిన యల్లమంద గుర్తొచ్చాడు. ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. ఆ పూట ఆమె అడగలేదు, ఎక్కువన్నం తిని పడుకుంది. ధనుంజయరావు బురదలో కుంటిన ఆనందం ఆమెలో ఇంకా అట్లాగే ఉంది, అబద్ధమెందుకు. దాని పక్కనే సిగ్గు వచ్చి కూర్చుంది. రెండోది మొదటిదాన్ని వెళ్ళగొట్టలేదు, తనూ పోలేదు.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. ఒంగి ఎండిన మొక్క ఒకటి పీకింది. తరవాత ఇంకొకటి. చేతులు గీరుకుని మండాయి. రోడ్డు మీద పోయే బస్సులోంచి ఎవరో తొంగి చూసి, సంఘం ప్రెసిడెంటు కౌలు రైతు చేలో కూలి చేస్తోందని పక్కవాళ్ళకు చూపించారు. ఆమె తలెత్తలేదు. పక్క సాల్లో తిరపతమ్మ కూడా మాట్లాడకుండా పీకుతూ పోతోంది.

సాలు చివరికి వచ్చాక శేషారత్నం నడుము పట్టుకుని నిలబడింది. ఇక చాలనీ, పొమ్మనీ తిరపతమ్మ అంటుందేమోనని చూసింది.

"అది అయితే ఇటు రా" అంది తిరపతమ్మ. "ఇంకా చానా ఉన్నయ్."

శేషారత్నం పక్క సాల్లోకి నడిచి మళ్ళీ ఒంగింది.